గొలుసు సాగింది

నాగావళి మా జొన్నలవలసకి దగ్గరవుతోందనుకున్నాను.
కొలిచింది నేనే.
మొదటిసారి నాలుగు వేల రెండొందల అడుగులు.
రెండోసారి పది తక్కువ.
మూడోసారి మరో పదకొండు.
నది మనసు మార్చుకుని
మెట్ట వైపు నడిచి వస్తోందని
ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను కూడా.

నా పేరు దుంపల అసిరయ్య. చైన్‌మేన్ని.
ఇంజినీర్లు గొడుగు కింద పుస్తకంలో రాసుకుంటారు,
ఎండలో గొలుసు ఈడ్చేది నేను.
నూరు లింకులు, రెండు కొసలా ఇత్తడి పిడులు.
సాయంత్రం అన్నం కలిపినా
అరచేతిలో ఇత్తడి వాసనే.

మొదటి కాలవకి గూటాలు పాతి రంగేశాం.
ఎన్నికలయ్యాయి.
ఆ రంగు కనపడకూడదన్నారు, పీకేశాం.
రెండో కాలవ పాత కాలవకి ఇరవై గజాల పక్కన.
ఎందుకని అడిగితే
పాత గీతలో అవినీతి ఉందన్నారు.
నేల మీద వెతికాను,
పల్లేరుకాయలు తప్ప ఏమీ కనపడలేదు.

మూడోసారి తవ్వారు. నిజం, తవ్వారు.
రెండు ఫర్లాంగులు.
ఫలితాలొచ్చిన మర్నాడు
పొక్లెయిన్ తొండం గాల్లో ఉండగానే ఆగిపోయింది.
బిల్లు ఆగిందట.
దాని బకెట్లో గోరింకలు రెండు కాపులు పిల్లల్ని లేపాయి.

గురుగుబెల్లి లోలాక్షి మడి ముప్పై సెంట్లు.
మూడు గీతలూ అందులోంచే పోయాయి.
కాయితంలో అది కాలవ, కాబట్టి అప్పు పుట్టదు.
నేల మీద అది మడి, కాబట్టి పరిహారం రాదు.
మొగుడు పారాదీప్‌లో
ఎవరిదో వంతెనకి కాంక్రీటు కలుపుతాడు.
ఆ వంతెన అయిపోయింది,
ఇప్పుడు ఇంకోటి కడుతున్నారట.

"మళ్లీ వొచ్చినావేటి అసిరీ?"
"గవుర్మెంటు మారింది గదొదినా."
"మారితే మారింది.
నా మడి ఏటి సేసిందిరా ఆలకి?"

పేద రాష్ట్రం, పేద దేశం, డబ్బెక్కడిది
అని సభలో ఒకాయన అన్నాడు.
నమ్మేవాణ్ణే.
కానీ గూటాలు పాతిన కూలికి డబ్బుంది,
పీకిన కూలికి డబ్బుంది,
ఎందుకు పీకారో తేల్చే కమిటీకి
కార్లున్నాయి, జీడిపప్పుంది.
లేనిదల్లా
ఒకడు మొదలెట్టింది ఇంకొకడు ముగించే అలవాటు.

ఇంకో మాట.
ఇది ఎవరికీ చెప్పలేదు.
కాలవ మొదటిసారే పూర్తయి ఉంటే
మిగులు సిబ్బంది కింద నన్ను తీసేసేవారు.
మా ఇద్దరాడపిల్లలూ
ఆ రాని నీళ్ల మీదే చదువుకున్నారు.
లోలాక్షి మజ్జిగ ఇచ్చినప్పుడల్లా
గ్లాసు వంకే చూసి తాగాను.

రిటైరైన రెండేళ్లకి మళ్లీ పిలిచారు,
దారి తెలిసినవాణ్ణని.
ఏ.ఇ. కుర్రాడు, పలాస పిల్లాడు,
మూడు కాళ్ల యంత్రం నిలబెట్టి
ఒంటి కన్నుతో చూశాడు.
నాలుగు వేల రెండొందలన్నాడు.
కాదు బాబూ, ఇరవై ఒకటి తక్కువన్నాను.
నవ్వలేదు ఆ పిల్లాడు.
నా గొలుసు తెప్పించి, ఉక్కు టేపు పక్కన పరిచి,
చివర వేలు పెట్టి చూపించాడు:
ఆరంగుళాలు.
ఈడ్చి ఈడ్చి లింకులు సాగాయి.
గొలుసు పొడుగైతే దూరం పొట్టిదవుతుంది.

నది ఎక్కడికీ రాలేదు.
ముప్పై ఒక్క ఏళ్లుగా
ఉన్నచోటే ఉండి, కళింగపట్నం పక్కనో ఎక్కడో
సముద్రంలో దిగబోసుకుంటూనే ఉంది.
మా పై ఆఫీసులో మాత్రం
ఏడాదికేడాది దగ్గరైంది.

గొలుసు ఇక పనికిరాదన్నారు.
లోలాక్షి అడిగితే ఇచ్చేశాను.
గేదెని కట్టింది.
అది నూరడుగులూ ఈడ్చుకుంటూ పోయి
మూడో కాలవ గుంటలో నిలిచిన వాననీళ్లు తాగుతోంది.
ఆ పథకానికి ఇప్పటిదాకా
లబ్ధిదారు అదొక్కతే.

సోమవారం గూటాలు పాతాలి, రమ్మన్నారు.
రంగు ఇంకా చెప్పలేదు.